పట్టాభిరామన్ గేటు దగ్గర

మా నాన్న మౌంట్ రోడ్డు మీద
నలభై అడుగుల హీరోలను గీశాడు.
ఒక్క ముక్కుకే ఒక పూట పట్టేది,
మీసం కోసం నిచ్చెన జరపాల్సి వచ్చేది.
నాకు దక్కింది మూడంగుళాల చెంప.
అదీ కదులుతుంది, నవ్వుతుంది, చెమట పడుతుంది.

చూళై నుంచి పొద్దున్నే బయల్దేరి
స్టేడియం గోడ పక్కన స్టూలు వేసుకుంటాను.
ఐదు డబ్బాలు, మూడు కుంచెలు, ఓ పగిలిన అద్దం.
చెంపకు ముప్పై. మనవాళ్ళ మ్యాచ్ రోజు యాభై.
ఆ రోజు చేతికి ఊపిరాడదు గానీ
బుర్రకు పనుండదు.
చక్రానికి ఇరవైనాలుగు ఆకులూ ఎవడు లెక్కపెడతాడు,
పన్నెండుతో సరిపెడతాను.

పరాయి దేశాలు తలపడే రోజే అసలు పరీక్ష.
బంగ్లాదేశ్ సులువు, పచ్చ మీద బొట్టు పెట్టడమే.
డచ్చి వాళ్ళది అడ్డంగా వెయ్యాలి,
నిలువుగా వేశావో, ఈ కప్పులోనే లేని దేశం.
న్యూజీలాండు చుక్కలు నాలుగు, ఎరుపు.
ఓసారి తెల్లగా ఆరు పెట్టేశాను.
ఆ దొర అద్దం చూసుకుని
"నన్ను పక్కింటివాణ్ణి చేశావే!" అని పగలబడి నవ్వి
డబ్బులిచ్చే పోయాడు.

లంక మ్యాచ్ రోజు
రెండింటి దాకా సముద్రం గాలి లేదు.
సింహం కష్టం. కత్తి పట్టిన సింహం ఇంకా కష్టం.
నాన్నయితే జూలు వెంట్రుక వెంట్రుకా గీసేవాడు.
నాది కుక్కలా ఉందని
పక్కన సుండల్ అమ్మే కుప్పమ్మాళ్ పొద్దుట్నుంచీ ఒకటే నవ్వు.

అప్పుడొచ్చాడతను.
ముప్పై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో అన్నిటికన్నా చవక టికెట్టు.
గుమ్మిడిపూండి నుంచి ఎలక్ట్రిక్ ట్రైన్లో వచ్చానన్నాడు.
మా మేనత్తదీ ఆ ఊరే, ఏ వీధి అన్నాను.
"వీధి కాదన్నా, క్యాంపు."
అరవమే, కానీ మా అరవం కాదు.
నీళ్ళు దాటి వచ్చిన అరవం,
మాట చివర కాస్త సాగుతుంది.

చెంప చూపించలేదు. అరచెయ్యి చాపాడు.
"ఇక్కడ."
అరచేతిలో రంగు నిలవదయ్యా, చప్పట్లకే పోతుంది.
"నేను చప్పట్లు కొట్టను."

పచ్చ వేశాక ఆపాడు.
"పక్కన నారింజ చార ఉంటుంది చూడు,
దాన్ని కాస్త వెడల్పు చెయ్యన్నా."
కొలత తప్పుతుందన్నాను.
"తప్పనీ. అది మేము."

ఆయుష్షు రేఖ దాకా జరిపాను.
సింహాన్ని చిటికెనవేలి వైపు నెట్టాను.
పసిపిల్లాడి పుండు మీద ఊదినట్టు
ఆరేదాకా ఊదుకున్నాడు.
పిడికిలి మూసి లోపలికి పోయాడు.

గోడ బయట కూర్చున్నవాడికి
మ్యాచంటే చప్పుడే.
ఫోరుకు ఒక హోరు, వికెట్టుకు ఇంకో హోరు,
క్యాచ్ జారితే వెయ్యి నోళ్ళ అయ్యయ్యో.
ఆ సాయంత్రం ఏ హోరు విన్నా
ఎవరివైపని అనుకోలేదు,
పిడికిలి ఇంకా మూసే ఉందా అనుకున్నాను.

పదిన్నరకు జనం కక్కినట్టు బయట పడ్డారు.
అతను ఆఖర్న వచ్చాడు.
గెలిచారా అని నేనడగలేదు, అతను చెప్పలేదు.
"కొబ్బరినూనె ఉందా అన్నా?
అమ్మ చూసిందంటే..."
అక్కడే ఆగిపోయాడు.

గుడ్డకు నూనె అద్ది రుద్దాను.
సింహం వెంటనే పోయింది, కత్తితో సహా.
పచ్చా పోయింది.
నారింజ మాత్రం చేతిగీతల్లో దిగి కూర్చుంది,
ఎంత రుద్దినా కదల్లేదు.

"వదిలెయ్. కూరలో పసుపని చెబుతాను."
ఆఖరి ట్రైనుకు పరుగెత్తాడు,
ఈసారి చెయ్యి విప్పుకునే.

ఆదివారం మనవాళ్ళ మ్యాచ్.
కాషాయం డబ్బా మూత తీసి చూశాను.
రెండు జెండాలకూ ఇదే డబ్బా.
అడుగున కొంచెమే మిగిలింది.
రేపు ప్యారీస్ కార్నర్‌కు వెళ్ళి కొనాలి.